నాలుక చూశాను, అడగవలసింది అడగలేదు

న్యూజెర్సీలో ఐసెలిన్ బజారుకు రెండు వీధుల అవతల, ఒక పళ్ళ డాక్టరుకూ ఒక టాక్స్ ఆఫీసుకూ మధ్య ఉన్న చిన్న క్లినిక్‌లో ఇరవై రెండేళ్ళు చైనా వైద్యం చేశాను. సూదులు, మూలికలు, వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఏళ్ళ తరబడి పొట్టతో బాధపడేవాళ్ళు. పోయిన సంవత్సరం మానేశాను. ఇప్పుడు మన పిల్లలు కొందరు ఈ చదువులోకి వస్తున్నారు. ఫోన్ చేసి, "అంకుల్, ప్రాక్టీస్ ఎలా బిల్డ్ చేశారు?" అని అడుగుతారు. నేనేమీ బిల్డ్ చేయలేదు. తెలుగువాళ్ళు మధ్యాహ్న భోజనం మూడింటికి తిన్నంతకాలం ఈ ప్రాక్టీసుకు లోటుండదు.

లైసెన్సు పరీక్షలు, సూదుల శుభ్రత, ఫారాలు కాలేజీలో చెబుతారు. నేను చేసిన తప్పు ఏ కాలేజీలోనూ చెప్పరు. అందుకని అది నేనే రాస్తున్నాను.

నాడి చూపించుకున్న వంశం

మా ఇంటిపేరు ఒకప్పుడు గోదావరి పక్క పద్నాలుగు ఊళ్ళలో పలికేది. వైద్యుడు మా ఇంటికి వచ్చి, చెప్పులు మెట్ల కింద విడిచి, మా తాతగారి నాడి చూసేవాడు. మా వంశంలో ఎవరూ మరొకరి నాడి పట్టి ఎరగరు. నేను పుట్టేనాటికి ఊళ్ళు పోయాయి, ఇల్లు పోయింది. మిగిలినవి రెండు: కోర్టు కాగితాల పెట్టె, వీపు కుర్చీకి ఆనించకుండా కూర్చునే అలవాటు. పెట్టె మా అన్నయ్యకు వెళ్ళింది. అలవాటు నాకు వచ్చింది.

నా భార్య కమల నర్సు. ఆమె ఉద్యోగం మీద ఈ దేశం వచ్చాం. నా వృక్షశాస్త్రం డిగ్రీ ఇక్కడ ఎవరికీ అక్కరలేకపోయింది. ఒక హోటల్ రిసెప్షన్ బల్ల దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకు గది తాళాలు ఇచ్చేవాణ్ణి. ఆ నిలబడడంలోనే నాకు కడుపు జబ్బు పట్టుకుంది. రెండు ముద్దలు తినేసరికి గొంతుదాకా నిండిపోయినట్టుండేది. గొంతులోంచి గొట్టం వేసి చూశారు, ఏమీ లేదన్నారు. మాత్రలిచ్చారు, తగ్గలేదు. చివరికి కమల తన హాస్పిటల్లో ఎవరో చెప్పగా లిన్ గారనే చైనా వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళింది.

లిన్ గారికి అప్పటికే అరవై ఏళ్ళుంటాయి. నా భుజానికి కూడా రాని మనిషి. నమస్కారం లేదు, పలకరింపు లేదు. "నాలుక చూపించండి" అంది. అంతవరకు నా జీవితంలో ఎవరూ నన్ను నాలుక బయటపెట్టమని ఆజ్ఞాపించలేదు. పెట్టాను.

రెండు నెలల్లో కంచం నిండా అన్నం తినగలిగాను. అది సూదుల వల్లనా, మధ్యాహ్నం పన్నెండు దాటకుండా తినమని ఆవిడ ఖండితంగా చెప్పినందువల్లనా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. రెండూ కావచ్చు. ఎవరైనా "మా సూదే చేసింది" అని గట్టిగా చెబితే వాళ్ళను కొంచెం అనుమానించండి.

ఆవిడ గదిలో చెక్క సొరుగుల నిండా వేళ్ళు, బెరళ్ళు. వాటిలో సగానికి శాస్త్రీయ నామాలు నాకు వచ్చు. పైకి చదువుతుంటే ఆవిడ విని, "ఇంత తెలిసి తాళాలెందుకు ఇస్తున్నారు? ఈ చదువు చదవండి" అంది. ఇంటికి వచ్చి కమలతో చెప్పాను.

"రాజావారు ఇక అందరి కాళ్ళూ పట్టుకుంటారన్నమాట" అంది కమల.

"కాళ్ళు కాదు. మోకాలి కింద నాలుగు వేళ్ళ దూరంలో సూది వేయాలి. పొట్టకు అదే ముఖ్యమైన చోటు."

"అక్కడిదాకా వంగగలరా మరి?"

వంగాను. నలభై ఒకటో ఏట మళ్ళీ కాలేజీకి వెళ్ళాను. పాసై లిన్ గారి క్లినిక్‌లోనే చేరాను.

అందరికీ ఒకటే జబ్బు

మన చైనా వైద్యంలో రోగిని తెలుసుకోవడానికి నాలుగు దారులు: చూడడం, వినడం, అడగడం, నాడి పట్టడం. అడగడానికి పాతకాలం నుంచి వస్తున్న పది ప్రశ్నలున్నాయి. చలి, చెమట, ఆకలి, దాహం, నిద్ర, మల మూత్రాలు, ఇలా. లిన్ గారికి ఆ పదీ ప్రాణం. "చూసింది మోసం చేయవచ్చు. అడిగితే మనిషే చెబుతాడు" అనేది. (ఆవిడతో నా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.)

నాకు మాత్రం చూడడం ఇష్టం, నాడి ఇష్టం. మాట్లాడకుండా చూసి రోగం చెబితే అవతలివాళ్ళు చేతులు జోడిస్తారు. అడిగి చెబితే ఎవరు జోడిస్తారు?

నేను చేరాక మనవాళ్ళు రావడం మొదలుపెట్టారు. మనవాళ్ళకు అన్నీ గ్యాసే. ఛాతీలో గ్యాస్, వీపులో గ్యాస్. ఒకాయనకు మోకాల్లో కూడా గ్యాసే. మందు ఇస్తే మజ్జిగలో కలుపుకుని తాగి, "పులిసిందండీ" అని ఫోన్ చేసేవాళ్ళు. నాకు ఆ రోజులంటే ఇష్టం.

అలా సుమారు ఎనిమిది నెలలు గడిచాక ఒకరోజు లిన్ గారు నా రోగుల ఫైళ్ళు ఒక బొత్తి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మిస్టర్ వర్మ, మీ వాళ్ళందరికీ ఒకటే జబ్బా?"

చూశాను. ప్రతి ఫైలులో నా చేతిరాత: నాలుక మీద పూత లేదు. ఆరోగ్యంగా ఉన్న నాలుక మీద పల్చటి తెల్లని పూత ఉండాలి. అసలు లేకపోతే పొట్టలో చెమ్మ ఆరిపోయిందని మా శాస్త్రం. అందుకని అందరికీ చెమ్మ పెంచే మూలికలే రాశాను.

"ఒకే దేశం, ఒకే తిండి. కావచ్చు" అన్నాను.

"మీ నాలుక చూపించండి."

చూపించాను. తళతళలాడుతోంది. ఉన్నట్టుండి నాకు వెలిగింది. మేమంతా పొద్దున్నే నాలుక గీసుకుంటాం. స్టీలు బద్దతో, గొంతుదాకా, ఓకరింత వచ్చేదాకా. డాక్టరు దగ్గరికి వెళ్ళేరోజు ఇంకో రెండుసార్లు ఎక్కువ గీసుకుంటాం. పూత ఎక్కడుంటుంది?

ఆ సంగతి చెప్పాను. "లోహంతోనా? రోజూనా?" అంది లిన్ గారు. నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. అంతలో ఆవిడ ముఖం మారింది. "అయితే మొదటిరోజు మీ నాలుక చూసి నేను రాసిన మందు…" అని ఆగింది. ఈసారి నేను కుర్చీలో కూలబడ్డాను. మేమిద్దరం అలా నవ్వడం బయట కూర్చున్న రోగులకు ఎంత ధైర్యాన్నిచ్చిందో తెలియదు.

ఆ సాయంత్రం నా రోగులందరికీ ఫోన్ చేసి, ఈసారి నాలుక గీసుకోకుండా రమ్మని చెప్పాను. పద్నాలుగు ఊళ్ళ వారసుడు ఒక్కొక్కరికీ ఆ మాట విడివిడిగా చెప్పవలసి వచ్చింది. "మా అత్తగారు ఇక్కడే ఉన్నారండీ, చూస్తే ఊరుకోరు" అంది ఒకావిడ.

ప్రణీత

ఆ ఫోన్ అందుకున్నవాళ్ళలో ప్రణీత ఒకరు. వరంగల్ అమ్మాయి, ఇరవై ఏడేళ్ళు, సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఆరు వారాలుగా నా దగ్గరికి వస్తోంది. పై కడుపులో మంట, తిన్నాక బరువు. సూది వేసిన రోజున హాయిగా ఉందనేది. రెండు రోజులకు మళ్ళీ మొదలయ్యేది.

"గీస్కోకుండనా?" అంది ఫోన్‌లో. "చీ, అంకుల్! అట్ల డాక్టర్ ముందట నోరెట్ల తెరుస్త?"

"నేనేమీ అనుకోను. రా."

శుక్రవారం మధ్యాహ్నం నోటికి చేయి అడ్డం పెట్టుకుని వచ్చింది. అప్పటికి ఆమెకు దేశానికి అవతలి వైపున్న చాండ్లర్ అనే ఊళ్ళో కొత్త ఉద్యోగం వచ్చింది. ఆదివారం విమానం, సోమవారం చేరాలి. ఇదే ఆఖరిసారి రావడం.

చేయి తీసి నాలుక చూపించింది. పల్చటి తెల్లని పూత, ఉండవలసినట్టే ఉంది. కానీ నాలుక రంగు నాకు నచ్చలేదు. ఉడకని ఇడ్లీ పిండిలా ఉంది. నాడి సన్నగా, వేగంగా కొట్టుకుంటోంది. నెల కిందట ఇలా లేదు. రక్తం తగ్గిందని తెలుస్తూనే ఉంది. సరిగా తినక తగ్గిందనుకున్నాను. మందు మార్చాలని, సూదులు వేసే ముందు లిన్ గారి ఆమోదం కోసం పక్క గదిలోకి వెళ్ళాను. నిజం చెప్పాలంటే, నాలుక రహస్యం కనిపెట్టిన సంతోషం ఇంకా తగ్గలేదు. చూశారా, మొదటి రోజే ఫలితం వచ్చింది అని చెప్పడానికే వెళ్ళాను.

ఆవిడ అంతా విని ఒక్క మాట అడిగింది. "మలం ఏ రంగులో ఉందంది?"

"నార్మల్ అని ఫారంలో రాసింది."

"ఫారం సంగతి కాదు. మీరడిగారా?"

అడగలేదు. ఆరు వారాల్లో ఒక్కసారీ అడగలేదు. ప్రణీతనే కాదు, నన్ను అంకుల్ అని పిలిచే ఏ అమ్మాయినీ అడగలేదు. పదింటిలో ఆ ఒక్కటీ ఫారానికి వదిలేసేవాణ్ణి. మా ఇంట్లో ఆ మాట ఎవరి నోటా వినలేదు. పెద్దవాళ్ళ ముందు ఆ మాట ఎత్తకూడదని ఆమెకూ నేర్పారు. ఇద్దరం మర్యాద తెలిసినవాళ్ళం. ఒకరి పరువు ఒకరం కాపాడుకుంటూ వచ్చాం.

"ఆమె నన్ను అంకుల్ అంటుంది" అన్నాను.

"అయితే అంకుల్‌గానే అడగండి. నేను అడగగలను. కానీ రేపు నేనుండను, ఎల్లుండి ఉండను. వెళ్ళండి."

వెళ్ళాను. స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, మోషన్ ఏ రంగులో అవుతోంది?"

ప్రణీత మొహం ఎర్రబడింది. గోడ మీది బొమ్మ చూసింది. "అంకుల్… అదెందుకు ఇప్పుడు?"

"చెప్పు."

"బ్లాకే." నవ్వింది. "అది ప్రాబ్లం కాదంకుల్. నేను ఆ పింక్ మెడిసిన్ తాగిన, సీసాది. దానికి బ్లాకే ఐతదని ఆన్‌లైన్ల చూసిన."

ఆ మాట నిజమే. ఇక్కడ ప్రతి మందుల షాపులో దొరికే ఆ గులాబీ రంగు కడుపు మందు మలాన్నీ నాలుకనూ నల్లబరుస్తుంది. నేను తేలికగా ఊపిరి పీల్చుకున్నాను. లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. ఇప్పుడే చూసిన నాలుక గీసుకోని నాలుక. దాని మీద నలుపు లేదు.

"ఆ మందు ఎప్పుడు మానేశావు?"

"ఐపోయి ఇరవై రోజులైతుండొచ్చు."

"ఇంకా నల్లగానే ఉందా?"

"ఉంది." గొంతు తగ్గించింది. "తారు లెక్క. జిగటగ. వాసన కూడ… వద్దు అంకుల్, చీ."

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

"మీకెట్ల తెలుసు?"

"నొప్పి మాత్రలేమైనా వేసుకుంటున్నావా?"

"తలనొప్పికి. రోజుకు రెండు. అవి కడుపుకు కాదు కదా, అందుకే చెప్పలే."

మాత్ర పేరు, ఎన్నాళ్ళుగా అన్నది అడిగి చెప్పించాను. ఖాళీ కడుపు మీద, నాలుగు నెలలుగా. ఇక అడగడానికేమీ లేదు. లోపల ఎక్కడో పుండు పడి రక్తం కారుతోంది.

తియ్యని మాట

"లే. ఎమర్జెన్సీకి వెళ్దాం" అన్నాను.

ఆమె లేవలేదు. "అంకుల్, సండే ఫ్లైట్. మండే జాయినింగ్. ఇప్పుడు ఈఆర్ అంటే అంతా ఖతం."

"వాయిదా వేయమను."

"హెచ్-వన్ వీసా ట్రాన్స్‌ఫర్ మీద పోతున్న. ఫస్ట్ డేనే సిక్ అంటే ఏమనుకుంటరు? చాండ్లర్‌కి పోయినంక చూపించుకుంట, ప్రామిస్." తరవాత నా వైపు వంగి అంది. "మీ సూదులతోని నాకు సగం తగ్గింది. ఈ రెండు రోజులకు సరిపోయేటట్టు ఈరోజు మంచిగ వేయండి. హాస్పిటల్ కన్నా మీ మీదే నాకు నమ్మకం."

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఈ ఒక్క చోట ఆగి చదవండి. ఆ మాట మీకూ ఎవరో ఒకరు అంటారు. నేను దానికోసమే ఎదురుచూశాననాలి. తెల్లకోటు డాక్టర్లు మా పేరు వినగానే పెదవి విరిచేవాళ్ళు. వాళ్ళను కాదని నన్ను నమ్మే మనిషి ఎదురుగా కూర్చుని సూది వేయమంటోంది. వేస్తే ఆమెకు హాయిగా ఉంటుంది కూడా. ఆదివారం విమానం ఎక్కేది. తరవాత ఏమయ్యేదో నేను రాయను.

"సగం తగ్గింది నొప్పి" అన్నాను. "పుండు కాదు. నా సూది నొప్పి తగ్గించబట్టే నువ్వు ఇన్నాళ్ళు ఊరుకున్నావు. మొదటి రోజే ఈ మాట అడగవలసింది. అడగలేదు. తప్పు నాది, నన్ను క్షమించు."

ప్రణీత నోరు తెరిచి చూసింది. "అంకుల్, మీరు సారీ చెప్తున్నరా?"

"చెబుతున్నాను."

"అంటే నిజంగనే సీరియస్సా?" అని బ్యాగు అందుకుంది.

లిన్ గారు తలుపు దగ్గర నిలబడి వింటూ అప్పటికే ఒక కాగితం మీద అన్నీ రాసి ఉంచింది: మాత్రల పేరు, ఎన్నాళ్ళుగా, రంగు, నాడి వేగం, నా మూలికల పట్టిక. "మీరు డ్రైవ్ చేయండి. నేను వాళ్ళకు ఫోన్ చేస్తాను" అంది.

హాస్పిటల్లో గొట్టం వేసి చూశారు. పుండు ఉంది, కారుతోంది. అక్కడే క్లిప్పు పెట్టి ఆపారు, రెండు సీసాల రక్తం ఎక్కించారు. కుర్రవాడైన డాక్టరు బయటికొచ్చి, "అక్యుపంక్చరిస్ట్ మీరేనా?" అన్నాడు. ఆ అడగడంలో పెదవి విరుపు ఉంది. నిటారుగా నిలబడి, "నేనే" అన్నాను. అతను చేతిలోని కాగితం చూశాడు. "ఇంత వివరంగా ఎవరూ రాసి పంపరు. ఈ అమ్మాయి విమానం ఎక్కి ఉంటే కష్టమయ్యేది" అని చేయి చాచాడు. ఆ కాగితం రాసింది నేను కాదని చెప్పాను. చెప్పకుండా ఉండవలసిందని కమల ఇప్పటికీ అంటుంది.

ప్రణీత భయపడిన కొత్త కంపెనీ నాలుగు లైన్ల ఈమెయిల్ పంపింది. మూడు వారాల తరవాత చేరమంది, ఆరోగ్యం జాగ్రత్త అంది. "దీనికోసమా నేను సచ్చేదాన్ని!" అంది ప్రణీత, మంచం మీద పడుకుని ఫోన్ చూస్తూ.

మన మందు ఎక్కడ పనికొస్తుంది

గొట్టంలో ఏమీ కనబడక, మాత్రలతో తగ్గక, రెండు ముద్దలకే కడుపు నిండిపోయే మనుషులు చాలామంది ఉన్నారు. వాళ్ళ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు. మన సూదులు, ఎండిన నారింజ తొక్క, అల్లం, వేళకు తాగే బియ్యపు జావ వాళ్ళలో కొందరికి మేలు చేస్తాయి. అది చిన్న పని కాదు. నేను దానికి సిగ్గుపడలేదు, మీరూ పడకండి.

కానీ మలం నల్లబడినా, వాంతిలో రక్తం కనబడినా, మింగుడు పడకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా సూది డబ్బా మూసేయండి. డాక్టరు దగ్గరికి పంపండి. హాస్పిటల్ మనకు శత్రువని చెప్పేవాళ్ళు మన వృత్తిలో ఉన్నారు. వాళ్ళతో కాఫీ తాగవచ్చు గానీ వాళ్ళ మాట వినకూడదు.

ఇంకొకటి. రోగి మీకిచ్చే గౌరవాన్ని అనుమానించండి. లేచి నిలబడి, అంకుల్ అని, తల వంచి మాట్లాడే మనిషి మీకు సగమే చెబుతాడు. మిగతా సగం మీరు కిందికి దిగి తెచ్చుకోవాలి. నేను ఆ తరవాతి సోమవారం నుంచి ప్రతి రోగినీ, ఆడా మగా చిన్నా పెద్దా, మొట్టమొదట ఆ ప్రశ్నే అడిగాను. మొదటి వారం చెవులు కాలిపోయాయి. రెండో వారానికి అలవాటైంది.

ప్రణీత పది రోజులకు తిరిగొచ్చింది. పుండు మానుతోంది, నొప్పి మాత్రలు మానేసింది. కడుపులో ఆ బరువు మాత్రం మిగిలింది. హాస్పిటల్ డాక్టరు సరేనన్నాక దానికి మళ్ళీ సూదులు మొదలుపెట్టాం. ఈసారి అది నేను చేయగలిగిన పనే.

చాండ్లర్ వెళ్ళేముందు ఆఖరి రోజు వచ్చేసరికి ముందు గది నిండుగా ఉంది, అందరూ మనవాళ్ళే. నేను ఎవరినో సాగనంపుతూ తలుపు దగ్గర నిలబడ్డాను. ప్రణీత వీధి గుమ్మం దగ్గర్నుంచే అందుకుంది.

"అంకుల్! నాలుక గీస్కోలే. మోషన్ పొద్దుగాల ఒక్కసారి, కలర్ బ్రౌన్. జిగట లేదు, ఏం లేదు!"

గదిలో అందరూ చేతుల్లోని ఫోన్లలోకి తల దించారు. మా తాతగారి దివాణంలో ఇలాంటి వార్త ఎవరూ ఇంత గట్టిగా చదివి ఉండరు. "శభాష్, లోపలికి రా" అన్నాను.

మూల కుర్చీలో ఒక పెద్దాయన, రిటైరైన హెడ్మాస్టరు. నాలుగు వారాలుగా ఏ ప్రశ్నకైనా "అంతా మామూలేనండి" అనే మనిషి. మెల్లగా చేయి ఎత్తాడు.

"వర్మ గారూ, నేనూ మీకొకటి చెప్పాలండి. పోయిన వారం మామూలే అన్నాను కదా, అది నిజం కాదు."

నేను జవాబు చెప్పేలోగా పక్క కుర్చీలో ఆవిడ పర్సు మూసి సర్దుకుని కూర్చుంది.

"మాస్టారు చెప్పాక నాది కూడా వినాలండీ."